ముక్కోణం లేని ఏడాది

కిందటి వారం, ఆఫీసు రిహార్సలులో ప్రశ్న అడగడానికి చినత్సు చేతికి ఎనిమిదో నంబరు అట్ట వచ్చిన దగ్గర కథ ఆగింది. ఆ అట్ట ఇచ్చింది ఆమె పైఅధికారి, మినెజిమా స్ప్రింగుల కంపెనీ లెక్కల విభాగం మేనేజరు మొమొసె. అంతకు రెండు రోజుల ముందు ఇంకో సంగతి జరిగింది. కొలిములు తయారుచేసే కంపెనీ సేల్స్‌మన్ ఒకడు సెయిగో ఫోటో ముందు అగరొత్తి వెలిగించడానికి ఇంటికి వచ్చాడు. టీ తాగుతూ, "ఆ కొత్త కొలిమి అనుకున్నప్పటికి వచ్చి ఉంటే..." అని నాలుక కరుచుకున్నాడు. ఆ తరవాత బూట్ల లేసులు కూడా కట్టుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు. కొత్త కొలిమి ఒకటి రావలసి ఉండిందని చినత్సు వినడం అదే మొదటిసారి. ఆమె అదే కంపెనీలో పనిచేస్తుంది గానీ, ఆమె బల్ల మీదికి వచ్చేవి జీతాల కాగితాలే.

సెయిగో ఆమె భర్త, కొలిమి బాధ్యుడు. పోయిన నవంబరులో రెండో ఫ్యాక్టరీలో పాత కొలిమి పక్కన నూనె తొట్టికి నిప్పంటుకుని చనిపోయాడు. అతని కింద పని నేర్చుకుంటున్న తజిమాకు రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. సెయిగో తొందరపడి మూత తీశాడు, తప్పు అతనిదే అని కంపెనీ విచారణలో తేల్చారు. పోయినవాడి మీద తప్పు వెయ్యడం తేలిక, వాడు వచ్చి కాదనడు. ఇప్పుడు ఒకాయా ఊళ్ళో సెయిగో అంటే తజిమా చేతులు కాల్చినవాడు. చినత్సు అత్తగారు తొషియె కూరగాయలు కొనడానికి ఊరి పక్క సరస్సుకు అవతలి వైపు బజారుకు వెళ్తోంది. ఇవతలి బజారుకు తజిమా తల్లి వస్తుంది.

చినత్సు మాత్రం ఏడవలేదు. నవంబరులో ఏడవలేదు, జూన్ వచ్చినా ఏడవలేదు. ధైర్యం గల మనిషి అన్నారు అందరూ. అది ధైర్యం కాదని ఆమెకు తెలుసు. లోపల ఏమీ లేదు, అంతే. కారం కారంగా లేదు, వేడి వేడిగా లేదు. ఉద్యోగానికి వెళ్ళి వస్తోంది, పెట్టింది తింటోంది.

*

రిహార్సలు రోజు పొద్దున కూడా వాన పడుతూనే ఉంది. తొషియె మిసో చారు గిన్నె కోడలి ముందు పెట్టి, పక్కన ఆకు ఊరగాయ సీసా ఒకటి గుడ్డలో మూట కట్టి ఉంచింది.

"ఇది ఒగుచి గారికి. మరిచిపోకు."

"ఇస్తాను అత్తయ్యా."

ఒగుచి సెయిగోకి కొలిమి పని నేర్పిన గురువు. మొన్న మార్చి దాకా రెండో ఫ్యాక్టరీకి పెద్ద. రిటైరయ్యాక కంపెనీ సగం జీతానికి మళ్ళీ తీసుకుని గోదాములో పెట్టెలు కట్టే పని ఇచ్చింది. సెయిగో అంత్యక్రియల్లో నేల మీద మోకరిల్లి తల ఆనించినవాడు, నలుగురు పట్టుకుని లేపితే గానీ లేవలేదు. ఆ రోజు నుంచి తొషియె నెలకో సీసా పంపుతోంది.

"ఇంతకీ ఏం నాటకమే అది? ఆఫీసు వాళ్ళు నాటకం వెయ్యడమేంటి?"

"వచ్చే వారం వాటాదారుల సమావేశం. ఎవరేం అడుగుతారో అని ముందే ఒకసారి వేసి చూసుకుంటారు. మేం వాటాదారులం. ప్రెసిడెంటు గారు ప్రెసిడెంటే."

"మీరు ఆయన్ని తిట్టాలా?"

"తిట్టొచ్చట."

"నాకిస్తే బాగుండేది ఆ వేషం" అని తొషియె కోడలి పక్కనున్న ప్రశ్న చీటీ అందుకుని, కళ్ళద్దాలు పైకి జరిపి చదివింది. పెట్టుబడుల వరస ఈ ఏడు ప్లస్ అయింది, కారణం చెప్పండి, అని ఉంది అందులో. "ప్లస్ అయితే పండగే కదా. కారణం దేనికి?"

"డబ్బు మూడు దారుల్లో వచ్చి పోతూ ఉంటుంది అత్తయ్యా. స్ప్రింగులు అమ్మితే వచ్చేది ఒక దారి. బ్యాంకు అప్పులూ వాటాదారులకిచ్చేవీ ఒక దారి. ఇది మధ్యది. యంత్రాలు, స్థలాలు, వేరే కంపెనీల షేర్లు, ఇలా రేపటికి పనికొచ్చేవి కొంటే డబ్బు పోతుంది. వాటినే అమ్మితే డబ్బు వస్తుంది."

"వచ్చింది అంటున్నారుగా మరి."

"అదే. నడుస్తున్న ఫ్యాక్టరీ ఏటా ఏదో ఒకటి కొంటూనే ఉండాలి. అరిగిపోయింది మార్చాలి కదా. అందుకని ఆ వరసలో ఎప్పుడూ ముక్కోణమే ఉంటుంది." ఇక్కడి లెక్కల్లో పోయిన డబ్బుకు ముందు చిన్న ముక్కోణం గుర్తు వేస్తారు, దుకాణాల చిట్టాల్లో కూడా అంతే, తొషియెకు అది చెప్పనక్కరలేదు. "ఈ ఏడు ముక్కోణం లేదు. అంటే కొన్నదాని కన్నా అమ్మింది ఎక్కువ. పనికిరాని స్థలం అమ్ముకుంటే తప్పు లేదు. కానీ కొనాల్సింది కొన్నారా లేదా అని పక్క వరస కూడా చూడాలి."

తొషియె చీటీ కింద పెట్టింది. "గిన్నెలమ్మి బియ్యం కొన్నట్టన్నమాట."

"అలాగే."

"మరి అన్నం ఎందులో వండుతారు?"

"పాత గిన్నెలోనే" అంది చినత్సు.

తొషియె చేతిలోని తినే పుల్లలు ఆగిపోయాయి. గోడవైపు, సెయిగో ఫోటో ఉన్న చిన్న పూజా బీరువా వైపు చూసి, మళ్ళీ కోడలి వైపు చూసింది. చినత్సు చారు తాగుతోంది. అది చల్లారిపోయిందని ఆమె గమనించలేదు.

ఏప్రిల్లో జరిగింది ఆమె అత్తగారికి ఎప్పుడూ చెప్పలేదు. కొత్త లెక్కల ఏడాది మొదటి రోజు, ఉదయం ప్రార్థనలా అందరూ వరసల్లో నిలబడి వినే ప్రసంగంలో ప్రెసిడెంటు మినెజిమా తెరుఆకి గొంతు పెంచి చెప్పాడు. మధ్య వరసలో ముక్కోణం లేదు, మా తాతగారి కాలం నుంచీ ఇదే మొదటిసారి, ఇది మనందరి పొదుపు ఫలం, అన్నాడు. ఆ మాటలు రాసిచ్చింది మొమొసె అని తరవాత తెలిసింది. జ్వరం దిగినట్టు ముక్కోణం దిగిందని సంబరపడ్డారు అందరూ. ఒళ్ళు చల్లబడితే జ్వరం దిగినట్టే, కానీ ఎందుకు చల్లబడిందో చెయ్యి వేసి చూసినవాడు లేడు. వందల మంది చప్పట్లు కొట్టారు. చినత్సు కూడా కొట్టింది, చుట్టూ ఉన్న చేతులు కొడుతున్నాయి కనక.

*

హెడ్డాఫీసు మూడో అంతస్తు హాల్లో ముందు పొడుగు బల్ల, దాని వెనక ప్రెసిడెంటూ డైరెక్టర్లూ. ఎదురుగా వరసల్లో వాటాదారుల వేషంలో ఆఫీసు జనం. వానకు బూట్లన్నీ తడిసిపోయి, అందరూ స్లిప్పర్లలో ఉన్నారు. మినెజిమా గారి కాళ్ళకూ అవే. అంత పెద్దాయన స్లిప్పర్లు ఈడ్చుకుంటూ వచ్చి కూర్చుంటే నాటకానికి తగ్గట్టే ఉంది.

నాటకం ఆడించడానికి టోక్యో నుంచి ఐబా అనే ఆయన వచ్చాడు. ఊరూరా కంపెనీలకు వెళ్ళి సమావేశాలు నిర్వహించడం నేర్పుతాడు. ఈ ఊరు కొత్త, ఇక్కడి మనుషులెవరూ తెలియదు, అలా తెలియకపోవడమే తన పనికి పెట్టుబడి అని చెప్పుకుంటాడు.

"ఇవాళ ఇక్కడ ఎవరికీ పేర్లు లేవు. నంబర్లే" అన్నాడు మైకులో. "ముందు కూర్చున్నాయన మీకు బాసు కాదు. మీ డబ్బు వాడుకుంటున్న మనిషి. నిలదియ్యండి. చీటీలో ఉన్నది అడిగి ఊరుకోకండి, జవాబు నచ్చకపోతే ఇంకోటి అడగండి. ఇవాళ మీరు మెత్తగా ఉంటే, వచ్చే వారం ఆయన గట్టివాళ్ళ చేతిలో పడతారు. వెనక రెండు వరసల వాళ్ళు మాత్రం ఏమీ అడగొద్దు. మీ పని అభ్యంతరం లేదు అని అరిచి చప్పట్లు కొట్టడం."

ఒగుచి ఆ వెనక వరసలో ఉన్నాడు. వచ్చేటప్పుడు మెట్ల దగ్గర చినత్సు ఊరగాయ మూట ఇస్తే రెండు చేతులా తీసుకున్నాడు. ఆమె మొహం వైపు చూడలేదు.

"అత్తగారు బాగున్నారా అమ్మాయ్?"

"బాగున్నారండి."

"ఇంక పంపించొద్దని చెప్పు. నేను తినలేకపోతున్నా" అన్నాడు. పళ్ళు పాడయ్యాయేమో అనుకుంది చినత్సు.

ఆమె కుర్చీ మూడో వరసలో ఎనిమిదోది. పక్కన తొమ్మిదో నంబరు అట్టతో మొమొసె కూర్చున్నాడు. మొమొసె మంచివాడు. సెయిగో పోయాక ఆమెకు ఓవర్‌టైము పడకుండా చూశాడు. బీమా కాగితాలన్నీ దగ్గరుండి నింపించాడు. వాన రోజుల్లో గొడుగు మరిచిపోతే తనది ఇచ్చి తడుస్తూ వెళ్ళాడు. ఇప్పుడు కూడా గొంతు తగ్గించి, "కంగారు పడకండి చినత్సు గారూ. కాగితంలో ఉన్నది చదివేసి కూర్చోండి. ఎవరూ ఏమీ అనరు" అన్నాడు.

ఆమెకు కంగారు లేదు. ఏమీ లేదు.

మొదట లేచిన గుమాస్తా డివిడెండు ఎందుకు పెంచలేదని అడిగి, అడిగినందుకు క్షమించమని నడుము వంచాడు. "వాటాదారు క్షమాపణ అడగడండీ" అని ఐబా తల పట్టుకున్నాడు. తరవాత ప్రెసిడెంటు గారి డ్రైవరు హమా లేచాడు. అతనికి ఈ వేషం కుదిరినట్టు ఇంకెవరికీ కుదరలేదు.

"నంబరు మూడు. కంపెనీ కారు అంత పెద్దది దేనికండీ? సరస్సు చుట్టూ తిరగడానికి చిన్నది చాలదా?"

"ఆ కారు నడిపేది నువ్వేగా" అన్నాడు ప్రెసిడెంటు, చిరునవ్వుతో.

"ఇవాళ నడపట్లేదండి. ఇవాళ నాకు షేర్లున్నాయి."

హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే చినత్సు వంతు వచ్చింది. ఆమె లేచి నిలబడింది.

"నంబరు ఎనిమిది. పెట్టుబడుల వరస ఈ ఏడు ప్లస్ అయింది. కారణం చెప్పండి."

ప్రెసిడెంటు కళ్ళెత్తి ఆమెను చూసి, వెంటనే కాగితంలోకి దించుకున్నాడు. నవంబరులో ఆయనే స్వయంగా ఇంటికి వచ్చి సెయిగో ఫోటో ముందు తలవంచాడు. ఈ చీటీ ఆమెకు వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఎనిమిదో నంబరు వాటాదారు గారికి జవాబు చెప్తున్నాను. వాడకంలో లేని పాత హాస్టలు స్థలం అమ్మాం. మాతో స్నేహంగా ఉన్న ఒక కంపెనీలో మాకున్న షేర్లు అమ్మాం. ఆ డబ్బు రావడం వల్ల ఆ వరస ప్లస్ అయింది." అక్కడికి కాగితం అయిపోయింది. కానీ ఆయన ఆగలేదు. "షేర్ల సంగతి... మా నాన్నగారి కాలం నుంచి వాళ్ళవి మా దగ్గర, మావి వాళ్ళ దగ్గర ఉండేవి. చెప్పకుండా అమ్మితే మళ్ళీ మొహం చూపించలేం. అందుకని నేనే మిఠాయి పెట్టె పట్టుకుని వెళ్ళి, తలవంచి చెప్పుకుని, వాళ్ళు సరే అన్నాకే అమ్మాం."

"ఆ మిఠాయి పెట్టె తీసెయ్యండి" అన్నాడు ఐబా. "కాగితంలో ఉన్నంతే చాలు. నంబరు ఎనిమిది, ఇంకేమైనా ఉందా?"

మొమొసె ఆమె చొక్కా మోచేతి దగ్గర చిన్నగా లాగాడు, కూర్చోమన్నట్టు. చినత్సు కూర్చోలేదు. సేల్స్‌మన్ నాలుక కరుచుకున్న రోజునే ఆమె, వాటాదారులందరికీ పంచిన లెక్కల పుస్తకం తెరిచి చూసింది. అందులో రహస్యమేమీ లేదు, ఊరందరి ఇళ్ళకూ వచ్చిన పుస్తకమే. చూసినవాళ్ళు పై అంకె చూసి మూసేశారు, ఆమె కింది వరసలు చదివింది.

"ఉంది. అమ్మింది చెప్పారు. కొన్నది చెప్పలేదు. యంత్రాలకు పెట్టిన డబ్బు అంతకు ముందటేడుతో పోలిస్తే మూడో వంతు కూడా లేదు. దాని కింద, ముందుగా కట్టిన డబ్బు వెనక్కి వచ్చినట్టు ఇంకో వరస ఉంది. ఆ ముక్కోణం పోవడానికి ఇదీ కారణమే కదా. ఏ యంత్రానికి కట్టారు? ఎందుకు వెనక్కి తీసుకున్నారు?"

బల్ల దగ్గర ఆర్థిక డైరెక్టరు యాజిమా ప్రెసిడెంటు చెవిలో ఏదో చెప్పబోయాడు. ప్రెసిడెంటు చెయ్యెత్తి ఆపాడు.

"రెండో ఫ్యాక్టరీకి. కొలిమి."

స్లిప్పర్ల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఐబాకు మెచ్చుకోలులా వినిపించింది పాపం.

"చూశారా, ప్రశ్నంటే ఇదీ" అన్నాడు సంతోషంగా. "పై అంకె చూసి ఎవరైనా అడుగుతారు. కింది వరసలు చూసి అడిగేవాళ్ళు నూటికొకరు. ఎనిమిదో నంబరు గారూ, ఆ మొహం అలాగే ఉంచండి. అరిచేవాళ్ళతో భయం లేదు. ఇలా ఏమీ లేని మొహంతో అడుగుతారు చూడండి, వాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి."

డ్రైవరు హమా తన స్లిప్పర్ల వైపు చూసుకుంటున్నాడు.

"షేర్లు అమ్మేముందు మిఠాయి పట్టుకుని వెళ్ళి తలవంచి చెప్పారు" అంది చినత్సు. ఆమె గొంతు జీతాల చీటీ చదివినట్టే ఉంది. "కొలిమి కొనడం మానేసేముందు ఎవరికి తలవంచి చెప్పారు?"

ప్రెసిడెంటు ముందున్న జవాబుల కట్టలో ఇది లేదు. వందల ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టిన కట్ట అది, ఒక్కో పుటకూ రంగు చీటీ అంటించి ఉంది. ఆయన చేతులు ఒకటి రెండు పుటలు తిప్పి ఊరుకున్నాయి.

"ఎవరికీ చెప్పలేదు" అన్నాడు చివరికి. "పాత కొలిమి ఇంకో ఏడాది పాడవకుండా ఆగుతుందని ఫ్యాక్టరీ వాళ్ళే రాసి పంపారు. కొలిమి బాధ్యుడే ఆ మాట చెప్పాడని అందులో ఉంది. నేను నమ్మాను. నమ్మి, ఈ ఏడు కాదు వచ్చే ఏడు కొందాం అన్నాను."

కొలిమి బాధ్యుడు ఎవరో ఆ హాల్లో తెలియనిది ఐబా ఒక్కడికే. తలలు ఒకదాని తరవాత ఒకటి వంగాయి. ఎవరి మీద జాలితో వంగాయో చెప్పడం కష్టం, కొన్ని సెయిగో మీద కోపంతోనే వంగి ఉంటాయి. తను ఆగుతుందన్న కొలిమే తనను తిన్నది, తజిమా చేతులు కూడా తిన్నది, అనుకుని ఉంటారు. విచారణలో అతని మీద ఒక తప్పు పడింది, ఇప్పుడది రెండయింది.

చినత్సు ఆగస్టు నెలను గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. పని నుంచి వచ్చి సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ సెయిగో, "ముసల్ది మళ్ళీ దగ్గుతోంది" అనేవాడు. ముసల్ది అంటే కొలిమి. ఆమె టీవీలో రేపటి వాన సంగతి చూస్తూ ఊ కొట్టేది. ఆగదు అని అతను ఎవరితోనైనా అన్నాడా? ఆగుతుందన్నాడా? అని ఉండొచ్చు. సెయిగోకి కాదనడం రాదు. పక్కింటివాళ్ళ పిల్లి తన చేపను తిన్నా, దానికి ఆకలేసిందిలే అనే మనిషి. అడుగుదామంటే మనిషి లేడు. ఈ మాట నిజమైతే అత్తగారికి సరస్సు అవతలి బజారుకు కూడా వెళ్ళే మొహం ఉండదు. ఇదంతా ఆమె వేరెవరి ఇంటి సంగతో అన్నట్టు ఆలోచించింది.

"ఆ బాధ్యుడి పేరు చెప్తారా?"

"వ్యక్తుల పేర్లు సభలో చెప్పడం కుదరదు" అన్నాడు యాజిమా.

"కరెక్టు, అలాగే చెప్పాలి" అన్నాడు ఐబా. "పేర్లు చెప్పొద్దు, ఫ్యాక్టరీ అభిప్రాయం అనండి చాలు. ఇప్పుడు ముగింపు మాట."

ప్రెసిడెంటు ముగింపు మాట చదివాడు. "ఎనిమిదో నంబరు వాటాదారు గారి అభిప్రాయాన్ని విలువైనదిగా భావించి మనసులో ఉంచుకుంటాం. తరవాతి ప్రశ్న."

చినత్సు కూర్చుంది. ప్రెసిడెంటు గొంతు చివరి మాట దగ్గర తడబడిందని ఆమె విన్నది. విన్నా ఏమీ అనిపించలేదు. మొమొసె ఆమె వైపు వంగాడు.

"బాగా చేశారు. ఇంక చాలు" అన్నాడు మెత్తగా. "భోజనాలకు మలుగు చేప తెప్పించాను. మీకు ఇష్టమని సెయిగో ఒకసారి చెప్పాడు."

నిజమే, ఆమెకు ఇష్టం. అది ఎలా ఉంటుందో నాలుకకు గుర్తు లేదు.

"నంబరు ఇరవై ఏడు."

గొంతు వెనక నుంచి వచ్చింది. తొమ్మిదో నంబరు లేవాల్సిన చోట ఇరవై ఏడు లేచింది. ఐబా తన కాగితం చూసుకున్నాడు.

"ఇరవై ఏడుకు ప్రశ్న లేదే. మీరు చప్పట్ల వరస కదండీ."

ఒగుచి ఊరగాయ మూటను కుర్చీలో జాగ్రత్తగా పెట్టి నిలబడి ఉన్నాడు. గోదాములో కట్టుకునే నీలం ఏప్రను విప్పకుండానే వచ్చాడు.

"ప్రశ్న కాదండి. అభ్యంతరం. ఆ జవాబు తప్పు."

"ఒగుచీ, కూర్చో" అన్నాడు యాజిమా.

"ఇవాళ పేర్లు లేవన్నారు. నేను ఇరవై ఏడుని" అన్నాడు ఒగుచి. "ఆగుతుందని సెయిగో అనలేదు. ఆగదన్నాడు. ఆగస్టులో నా బల్ల ముందు నిలబడి అన్నాడు. వారం పోయాక మళ్ళీ వచ్చి, గురువుగారూ, ఆ తొట్టి మూత ఏదో ఒక రోజు ఎవరో ఒకర్ని తింటుంది అన్నాడు. చూద్దాంలే అన్నాను. ఆగుతుందని పైకి రాసి పంపింది నేను. వాడి మాటగా రాసింది కూడా నేనే."

ఐబా మైకు దించాడు. "ఒక్క నిమిషం. సెయిగో అంటే ఎవరు?"

డైరెక్టర్లు బల్లలోకి చూస్తున్నారు. చెప్పకపోతే ఆయన అలా మైకు పట్టుకుని నిలబడే ఉంటాడనిపించి చినత్సు చెప్పింది.

"మా ఆయన."

ఐబా ఆమెకు నడుము వంచి తలవంచాడు. ఏమీ లేని మొహాన్ని అలాగే ఉంచమన్న మనిషి చాలాసేపు తల ఎత్తలేదు.

"అప్పటికి నాకు ఉద్యోగం మార్చి దాకానే" అంటున్నాడు ఒగుచి. ఇప్పుడు అతను ప్రెసిడెంటుతో కాదు, చినత్సు వీపుతో మాట్లాడుతున్నాడు. "మా ఆవిడకు వారానికి మూడు సార్లు ఆసుపత్రి. ఇది రాసిస్తే రిటైరయ్యాక కూడా పని ఉంటుందన్నారు. మధ్య వరసలో ముక్కోణం లేకుండా ఒక్క ఏడాది గడిస్తే అప్పిచ్చిన బ్యాంకు చల్లబడుతుంది, వచ్చే ఏడు రెండు కొలిములు కొందాం అన్నారు. ఒక్క ఏడాదే కదా అనుకున్నా. నెలనెలా ఊరగాయ వస్తోంది అమ్మాయ్. సీసాలన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదు."

ఏడు నెలల తరవాత చినత్సుకు మొదటిసారి ఏదో అనిపించింది. అది ఒగుచి మీద కోపమో, సెయిగో ఆగదన్నాడని తెలిసిన సంతోషమో ఆమెకు తెలియలేదు. సెయిగో కాదన్నాడు. జీవితంలో ఒక్కసారి కాదన్నాడు, అది కూడా రెండు సార్లు చెప్పాడు. ఆమె చేతిలోని అట్ట అంచు అరచేతిలో గుచ్చుకుంటోంది. నొప్పిగా ఉంది.

ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది, ఎవరూ ఎత్తలేదు. ఆయన మొహం చూస్తే ఈ మాట ఆయన కూడా ఇప్పుడే వింటున్నాడని తెలుస్తోంది.

"అన్నారు అన్నారు అంటున్నావు. ఎవరన్నారు? నేనా? యాజిమానా?"

"మీరు కాదండి. ఆ బల్ల దగ్గర ఎవరూ కాదు."

చినత్సు వెనక్కి తిరిగి చూసింది. ఒగుచి కళ్ళు బల్లను వదిలి వరసల మీదుగా ఇటు వస్తున్నాయి. తనను చూస్తున్నాడు అనుకుంది. కాదు. ఆ చూపు ఆమె భుజం దాటి, ఒక కుర్చీ పక్కకు జరిగి ఆగింది.

ఆమె తల తిప్పింది. మొమొసె ఎవరి వైపూ చూడడం లేదు. తన తొమ్మిదో నంబరు అట్టను మోకాలి మీద బోర్లా పెట్టి, ముడత ఏదీ లేకపోయినా, అరచేత్తో మెల్లగా నిమురుతున్నాడు.